హలీనమ్మ దరువు

ఆ పసుపు సీజన్‌లో నేనొక మనిషిని చంపాను. ఆమె పేరు హలీనా. వయసు డెబ్బై. తాను చచ్చిపోయిన సంగతి ఆమెకు రెండున్నర నెలల దాకా తెలియదు. తెలిసే వేళకు మా ఆర్మూరులోనే, నాకు మూరెడు దూరంలో నిలబడి ఉంది.

కేసు లేదు, పోలీసులు రాలేదు. కానీ ఈరోజుకీ డప్పు ఎంకటి ఉండే వాడ మీదుగా పోవాల్సి వస్తే నేను బండి తిప్పుకుని చుట్టుదారిన పోతాను.

మాది పసుపు అడ్తి. రైతులు తెచ్చిన సరుకు దించుకుని, కొనేవాళ్లకు చూపించి అమ్మిపెట్టడం మా నాన్న దినకర్ పని. దుకాణం వెనక గోదాం, గోదాం మీద ఒక గది. ఆ గది గోడలకు పాత గోనె సంచులు కొట్టి, రెండు మైకులు, ఒక కంప్యూటర్ పెట్టి దానికి స్టూడియో అని పేరు పెట్టాను. నాన్న మాత్రం "కౌశిక్‌గాని కొట్టం" అనేవాడు. సీజన్ ముగిసేలోగా నాలుగు మంచి పనులు చూపించకపోతే ఆ గదిలో సంచులు నింపుతానని కూడా అన్నాడు. పెళ్లి పాటలు, యూట్యూబ్ జానపదాలు రికార్డు చేసి గదిని బతికించుకుంటూ వచ్చాను.

నా అసలు పిచ్చి వేరు. ప్రపంచంలో కొత్త ఆల్బమ్‌లు శుక్రవారం విడుదలవుతాయి. శుక్రవారం పొద్దున కింద అమ్మ లక్ష్మీపూజ చేస్తుంటే, పైన నేను హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆ వారం వచ్చిన జాజ్, వరల్డ్ మ్యూజిక్ జాబితా ముందు కూర్చునేవాణ్ణి. మాలి దేశపు కోరా తీగలతో పారిస్ పియానో, బేరూత్ ఊద్ తీగలతో ఓస్లో ట్రంపెట్. ఏది విన్నా నా కళ్లు పాటల మీద ఉండేవి కావు. చివర చిన్న అక్షరాల్లో వాయించినవాళ్లు, రికార్డు చేసినవాళ్లు, నిర్మాతలు అంటూ పేర్లుంటాయి చూడండి, వాటి మీద ఉండేవి. ఆ అక్షరాల్లో ఒక్కసారి నా పేరు చూసుకోవాలి. అంతే కోరిక. మనుషుల్ని చంపించే కోరికలు పెద్దవే అయి ఉండాలని ఏమీ లేదు.

టోమాష్ అలా దొరికినవాడే. పోలండ్‌లో క్రాకో నగరం వాడు, శాక్సఫోన్ వాయిస్తాడు. అతని పాత ఆల్బమ్ విని మెయిల్ రాశాను. దానితోపాటు పసుపు కొమ్ములు పాలిష్ డ్రమ్ములో తిరిగే చప్పుడు రెండు నిమిషాలు పంపాను. మూడు రోజులకు జవాబు వచ్చింది. జనవరిలో మనిషే వచ్చాడు.

మా ఇంట్లోనే దిగాడు. మా నాయనమ్మ అంజమ్మకు ఎనభై రెండేళ్లు. అతన్ని ఎగాదిగా చూసి, "తోమాసా, నీకు పాపం చిన్నప్పుడు పసుపు రాయలేదా మీ అమ్మ, గింత తెల్లగున్నవ్?" అంది. నేను ఇంగ్లీషులో చెబితే అతను పడీపడీ నవ్వి, ఆ మాట వాళ్లమ్మకు ఫోన్‌లో చెప్పాడు. ఫోన్‌లో ఆమె నవ్వు నాకూ వినబడింది. అంటే హలీనా గొంతు నేను ముందే విన్నాను. అది మరిచిపోలేను.

* * *

పది రోజులు పని బాగా నడిచింది. పాలిష్ డ్రమ్ములు, పసుపు ఉడికే ఆవిరి బుసలు, కల్లంలో పారలు గీసే చప్పుడు, వాటి మీద టోమాష్ శాక్సఫోన్. పదకొండో రోజు మధ్యాహ్నం గోదాం ముందు నుంచి ఒక శవయాత్ర పోయింది. ముందు ఒక ముసలాయన డప్పు కొడుతున్నాడు. రెండు దెబ్బలు. తర్వాత ఒక ఖాళీ. నడిచే మనిషి కాలు గాల్లోనే ఆగిపోయినంత ఖాళీ. తర్వాత ఒకే ఒక్క దెబ్బ.

టోమాష్ శాక్సఫోన్ పక్కన పెట్టి గేటు దగ్గరికి పరుగెత్తాడు. వేళ్ల మీద లెక్క కట్టబోయాడు, కట్టలేకపోయాడు.

"ఆ ఖాళీ చూశావా కౌశిక్? ప్రతిసారీ వేరే కొలత. అయినా తప్పడం లేదు. ఎవరాయన?"

"ఎంకటి. చావు డప్పు కొట్టడంలో ఈ చుట్టుపక్కల ఆయన తర్వాతే ఎవరైనా. ఇంకో శవయాత్ర వచ్చినప్పుడు మైకు పెట్టి పట్టేద్దాం."

"వద్దు." అతని ముఖం గట్టిపడింది. "వాళ్ల ఏడుపు దగ్గర నేను మైకు పెట్టను. ఆయన్ను అడుగు. ఇష్టపడి వచ్చి కొడితే సరే, లేకపోతే మానేద్దాం." కాసేపాగి తనే అన్నాడు: "కానీ ఆ దరువు దొరికితే ఆల్బమ్‌కు అదే ప్రాణం. నువ్వు తెస్తే సహనిర్మాతగా నీ పేరు నా పేరు పక్కన పడుతుంది."

ఆ చివరి మాట అతను అనకుండా ఉంటే బాగుండేది. అతను అంత మాటన్నది మర్యాద కొద్దీ, నేను విన్నది ఆకలి కొద్దీ.

* * *

ఎంకటి ఇల్లు రెండు గదులు, ముందు రేకుల వసారా. వసారాలో నులక మంచం మీద ఆయన భార్య ఆశమ్మ పడుకుని ఉంది. కిడ్నీలు పాడై, వారానికి రెండుసార్లు నిజామాబాద్ దవాఖానకు రక్తం శుద్ధి చేయించుకోవడానికి పోయి వస్తుంది. కోడలు సువార్త ఆర్మూరులోనే ఒక ప్రైవేటు దవాఖానలో నర్సు. అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి అత్తకు అన్నం కలిపి పెడుతోంది.

నేను విషయం చెప్పాను. ఎంకటి బీడీ ఆర్పేశాడు.

"పెండ్లి దెబ్బ కొడ్త. జాతర దెబ్బ కొడ్త. పులి యేషం దెబ్బ కొడ్తే నీ తెల్లోడు గూడ ఎగురుతడు. గా సావు దెబ్బ మాత్రం అడగకు చిన్న సేటు."

"ఎందుకు తాతా? ఉత్తగ కొట్టుడే గదా. గోదాంల, తలుపులేసుకొని."

"పీనుగ లేకుంట గా దెబ్బ కొట్టద్దు. కొడితే, అది పీనుగను దేవులాడుకుంట పోతది. ఎవలింట్ల తేలుతదో ఎరుక లేదు."

మంచం మీద నుంచి ఆశమ్మ గొంతు: "దూరం ఎందుకు పోతది? నేను లేనా ఈడ, మంచం ఏసుకొని తయారుగ."

"నోరు మూస్కో ముసల్దానా," అన్నాడు ఎంకటి. కానీ మంచం వైపు చూసిన ఆ చూపులో తిట్టు లేదు. "సూసినవా బిడ్డా? గిందుకే వద్దంటున్న."

అక్కడితో లేచి రావాలి. వచ్చాను కూడా. టోమాష్‌కు కాదన్నాడని చెప్పాలి. నోటి దాకా వచ్చింది. చెప్పలేదు.

మర్నాడు పొద్దున్నే మళ్లీ పోయాను. దారిలో బండి అద్దంలో నా ముఖం ఎలా ఉండాలో చూసుకున్నాను. ఇంతకన్నా సిగ్గుమాలిన సంగతి ఈ కథలో ఇంకొకటుంది. అదీ చెబుతాను.

"తాతా, తోమాసు వాళ్లమ్మ పోయింది. రాత్రి ఫోన్ వచ్చింది."

సువార్త చేతిలో టీ గిన్నె ఆగిపోయింది. ఆశమ్మ మంచం మీద లేచి కూర్చుంది.

"అయ్యో! మొన్న ఫోన్‌ల నవ్విందని మీ నాయనమ్మ అందరికి చెప్తుండె గదా," అన్నాడు ఎంకటి.

"అవును తాతా. గుండెపోటు. ఆడ మంచు మస్తు పడుతున్నదట. విమానాలు లేవు. పోయేటట్టు లేదు. గోదాంల మూలకు కూసున్నడు. ఆయనకు నీ దెబ్బ వినాల్నని ఉన్నది. తల్లిని గీడ నుంచే సాగనంపుతడట."

సువార్త కళ్లు మూసుకుని పెదవులు కదిపింది. తర్వాతి ఆదివారం ఆమె చర్చిలో పాస్టర్‌తో చెప్పి హలీనా ఆత్మశాంతికి ప్రార్థన చేయించిందని నాకు తర్వాత తెలిసింది.

"తల్లి పేరేంది?" అన్నాడు ఎంకటి.

"హలీనా."

"హలీనా," అని ఆయన రెండుసార్లు పలికి చూసుకున్నాడు. "తెల్లారి వస్త. పొయ్యికి జర పసుపాకు ఎండుది పెట్టుండ్రి. డప్పుకు సెగ గావాలె."

* * *

తెల్లవారి ఆయన తలస్నానం చేసి, ఏమీ తినకుండా వచ్చాడు. గోదాం ముందు ఎండిన పసుపాకు మంట వేసి డప్పు కాచాడు. లోపల చుట్టూ సంచుల గోడ. సంచులు చప్పుడును మింగేస్తాయి కాబట్టి మాకు అంతకన్నా మంచి రికార్డింగ్ గది లేదు.

మొదలుపెట్టే ముందు ఎంకటి సంచిలోంచి కొత్త తెల్ల తువాల తీశాడు. టోమాష్ దగ్గరికి పోయి అతని భుజాల మీద కప్పాడు. చావు జరిగిన ఇంటి కొడుక్కి కావలసినవాళ్లు కొత్త బట్ట కప్పుతారు. టోమాష్‌కు అదేం తెలుసు? సన్మానం అనుకున్నాడు. ముఖమంతా వెలిగిపోయింది. రెండు చేతులూ జోడించి నవ్వాడు. నేను ఫొటో తీశాను.

ఎంకటి నన్ను పక్కకు పిలిచాడు. "నవ్వుతుండేంది?"

"షాక్ తాతా."

"గంతే. దుఃఖం నెత్తికెక్కితే నవ్వే వస్తది. మా తమ్ముడు పోయిన్నాడు నేను గూడ నవ్విన." ఆయన టోమాష్ వీపు నిమిరాడు. "గుండు కొట్టించుకోడా?"

"వాళ్లల్ల లేదు."

"ఎవల పద్ధతి వాళ్లది."

తర్వాత ఆయన కొట్టాడు. పదకొండు నిమిషాలు. రెండు దెబ్బలు, ఖాళీ, ఒక దెబ్బ. మూడో నిమిషంలో టోమాష్ శాక్సఫోన్ అందుకున్నాడు. నేను ఆపబోతే ఎంకటి కళ్లతోనే వద్దన్నాడు. కొడుకు తల్లి కోసం ఊదుతున్నాడనుకున్నాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ వాయించారు. ఒకడు పండుగలో ఉన్నాడు, ఒకడు చావులో ఉన్నాడు. మధ్యలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని నేను.

చివరన ఎంకటి డప్పు ఆపి, తల ఎత్తి, గొంతు చీలేలా పిలిచాడు.

"హలీనమ్మా! పోయిరా తల్లీ!"

టోమాష్ ఉలిక్కిపడ్డాడు. "ఆయన మా అమ్మ పేరు పిలిచాడు! ఎందుకు?"

"మీ అమ్మ పేరు అడిగితే చెప్పాను. దీవిస్తున్నాడు," అన్నాను.

టోమాష్ కళ్లనిండా నీళ్లు. పోయి ఎంకటిని కౌగిలించుకున్నాడు. ఎంకటి కూడా ఏడ్చాడు. నేను ఇచ్చిన కవరు మాత్రం ముట్టలేదు. "తల్లి సచ్చినోని కాడ తీస్కుంటమా బిడ్డా?" అని, గోదాం బోరింగు దగ్గర కాళ్లు కడుక్కుని వెళ్లిపోయాడు.

సిగ్గుమాలిన సంగతి ఇంకొకటి చెబుతానన్నాను కదా. ఆయన ఏడుస్తుంటే నేను శబ్దం కొలిచే మీటర్ల వైపు చూస్తున్నాను. ఆ కేక ఎక్కడా పగలలేదు, శుభ్రంగా పడింది. చాలా సంతోషించాను.

* * *

టోమాష్ తిరిగి క్రాకో వెళ్లిపోయాక, ఏప్రిల్ మొదటి శుక్రవారం ఆల్బమ్ విడుదలైంది. పేరు 'పసుపు'. ఎనిమిది ట్రాకులు. ఆఖరిది పదకొండు నిమిషాలు, దాని పేరు 'హలీనా'. ముఖచిత్రం మీద తెల్ల తువాల కప్పుకుని నవ్వుతున్న టోమాష్. నేను తీసిన ఫొటోయే.

చిన్న అక్షరాల్లో నా పేరు ఉంది. నలభై సార్లు చూసుకున్నాను.

నేను వారం వారం చదివే జాబితాల్లో ఈసారి మా గోదాం ఉంది. ఒక పత్రిక ఆ వారపు అయిదు ఆల్బమ్‌లలో ఒకటిగా ఎంచింది. అందరూ రాసింది ఆఖరి ట్రాకు గురించే. జీవితాన్ని పండుగ చేసే దరువట. చదివి ఆ పేజీ మూసేశాను.

నాన్న మొదటిసారి మెత్తబడ్డాడు. దుకాణంలో పెద్ద స్పీకరు పెట్టించి, "మావోని పాట, జర్మనీల వింటున్నరట," అని రైతులకు చెప్పుకున్నాడు. పోలండ్ అని నేను దిద్దలేదు. ఏడు ట్రాకులు అయ్యాయి. ఎనిమిదోది మొదలై, రెండు దెబ్బలు పడి, ఖాళీ రాగానే దుకాణంలో మాటలు ఆగిపోయాయి. ఒక రైతు తలపాగా తీశాడు. ఎదురు దుకాణాయన బయటికొచ్చి, "ఎవలు పోయిన్రు దినకర్ సేటు?" అని అడిగాడు.

నాన్న నవ్వేసి పాట మార్చాడు. కానీ లోపలి నుంచి నాయనమ్మ గోడ పట్టుకుని వచ్చింది.

"ఎవలు సచ్చిన్రురా?"

"ఎవరు లేరు నాయనమ్మా. పాట."

"ఎంకటి గొంతే అది. ఉత్తగ పిలువడు వాడు." నా ముఖంలోకి చూసింది. "హలీనమ్మంటే తోమాసు తల్లే గదరా? ఫోన్‌ల నవ్విన ఆమె?"

నేను తల దించి స్పీకరు వైరు సర్దాను. ఆమె ఇంకేమీ అడగలేదు. మెల్లగా తిరిగి లోపలికి పోయింది. ఆ రోజు నుంచి నా చేత్తో ఇచ్చిన మందులు వేసుకోలేదు. అమ్మ ఇస్తేనే వేసుకునేది.

* * *

పది రోజులకు టోమాష్ ఫోన్ చేశాడు. హైదరాబాద్‌లో కచేరీ అట. "ఒక సర్‌ప్రైజ్. అమ్మ కూడా వస్తోంది. తన పేరు పిలిచిన మనిషిని చూడాలట."

అప్పటి నుంచి నేను నిజమైన నేరస్థుడిలాగే ఆలోచించాను. ఎంకటి సిరికొండ వైపు జాతరకు పోయాడని, వారం దాకా రాడని టోమాష్‌కు చెప్పాను. ఆదివారం వాళ్లిద్దరికీ మా ఇంట్లో భోజనం పెట్టి, మూడింటికల్లా కారెక్కించాలి. ఎంకటికి ఏమీ తెలియకూడదు.

హలీనా పొట్టి మనిషి. తెల్ల జుట్టు, నీలి పూల గౌను, మోకాలి నొప్పి. నాయనమ్మ ఆమెను చూసి లేచి నిలబడింది. దగ్గరికి పిలిచి, చెంపలు నిమిరి, మెటికలు విరిచింది. తర్వాత పసుపు కలిపి తన చేత్తో ఆమె పాదాలకు రాసింది. హలీనా మురిసిపోయింది. నాయనమ్మ నా వైపు తల తిప్పలేదు.

రెండున్నరకు కారు దుకాణం ముందుకొచ్చింది. ఇంకో అయిదు నిమిషాలు. అప్పుడే సువార్త స్కూటీ ఆగింది. చేతిలో ఫోన్, ఫోన్‌లో ఆల్బమ్ బొమ్మ.

"తమ్మీ, మా డాక్టర్ సారు చూపిచ్చిండు. ఇది మా మామ కొట్టిందే గదా? జర మామకు వినిపియ్యవా, పాపం ఎదురుచూస్తుండు..." అంటూ పక్కన ఉన్న తెల్లజుట్టావిడను చూసి ఆగింది. టోమాష్‌ను గుర్తుపట్టి, వచ్చిన ఇంగ్లీషులో, "సార్, మీ అమ్మగారి గురించి చాలా బాధపడ్డాం," అంది.

టోమాష్‌కు అర్థం కాలేదు. హలీనా మాత్రం నవ్వుతూ చెయ్యి చాపింది. "నేనే అమ్మను. హలీనా."

సువార్త ఆ చెయ్యి పట్టుకుంది. పట్టుకునే నన్ను చూసింది. అరవలేదు. నర్సు కదా, ఎంత రక్తం చూసినా ముఖం మారదు.

"మా మామ ఇంట్లనే ఉన్నడు మేడమ్. రండి," అంది.

"అక్కా, జర..."

"నాకేం చెప్పకు తమ్మీ. పెద్దమనిషికి నువ్వే చెప్పు."

* * *

ఎంకటి వసారాలో ఆశమ్మ కాళ్లు పిసుకుతున్నాడు. మూడు రోజుల నుంచి ఆమెకు ఒళ్లంతా వాపు. మమ్మల్ని చూసి లేచి, టోమాష్‌ను ప్రేమగా దగ్గరికి తీసుకున్నాడు. అతని వెనకున్న ఆమెను చూసి, "ఎవలు బిడ్డా ఈయమ్మ?" అన్నాడు.

అందరూ నా వైపు చూశారు. తర్జుమా చేయాల్సింది నేనే. అప్పుడైనా చెప్పొచ్చు. ఒక్క మాట. సువార్త నా నోటి వైపే చూస్తోంది.

"వాళ్ల చిన్నమ్మ తాతా," అన్నాను.

హలీనాకు నా మాట తెలియదు కదా. ఆమె ముందుకొచ్చి, ఎంకటి చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుంది. ఒక చేత్తో తన గుండె మీద తట్టుకుంది.

"హలీనా," అంది. మళ్లీ, పిల్లలకు చెప్పినట్టు మెల్లగా: "హలీనా."

ఎంకటి ఆమె పసుపు పాదాల వైపు చూశాడు. పట్టుకున్న చేతులను ఒకసారి నొక్కి చూశాడు.

"చేతులు ఎచ్చగనే ఉన్నయ్," అన్నాడు తనలో తాను. తర్వాత మెల్లగా తల తిప్పి మంచం మీదున్న ఆశమ్మను చూశాడు. ఆ తర్వాతే నన్ను.

"చిన్న సేటు. అయితే నేను కొట్టింది ఎవలకు?"

నేను నా చెప్పుల వైపు చూశాను.

"ఎవలకు బిడ్డా?"

టోమాష్ ఏం జరిగిందని అడుగుతున్నాడు. సువార్త ఇంగ్లీషులో నాలుగే వాక్యాల్లో చెప్పేసింది. అతను తిట్టి ఉంటే బాగుండేది. ఒక మెట్టు మీద కూలబడి, రెండు చేతుల్లో ముఖం దాచుకుని, "ఆయన నన్ను ఓదార్చాడు. నేను నవ్వాను. ఫొటోలో నవ్వాను," అని అదే మాట అంటూ పోయాడు.

కొడుకు వాళ్ల భాషలో విడమర్చి చెప్పాక, హలీనా తనకొచ్చిన ఇంగ్లీషులో ఏదో అంది. సువార్త తెలుగు చేసింది: "మామా, ఆమె అంటున్నది... ఆమె నిజంగ పోయిన్నాడు గంత మంచిగ ఎవరు ఏడ్వరట. నీకు రుణపడి ఉంటదట."

ఎంకటి చేతులు జోడించాడు. "నూరేండ్లు బతుకమను తల్లిని. నా మనసుల ఏం లేదు. గని గా దెబ్బ..." ఆగిపోయాడు. ఆశమ్మ మంచం మీద నుంచి, ఎప్పటిలా వేళాకోళానికి, ఏదో అనబోయింది. ఆయన ముఖం చూసి అనలేదు.

"అత్తకు కిడ్నీలు పాడైనయ్ మామా. డప్పుతోని కాదు," అంది సువార్త గట్టిగా.

"నాకెరుకే," అన్నాడు ఎంకటి. పోయి మంచం పట్టె మీద కూర్చుని ఆశమ్మ చెయ్యి పట్టుకున్నాడు. మేము వెళ్లిపోయే దాకా వదల్లేదు.

* * *

ఆ తర్వాతి శుక్రవారానికి ఆల్బమ్‌లో ఏడు ట్రాకులే మిగిలాయి. ముఖచిత్రం మారింది, ఖాళీ పసుపు రంగు. నా పేరు మాత్రం టోమాష్ తీసేయలేదు. మెయిలూ రాయలేదు. ఆ పేరు ఇప్పటికీ అక్కడే ఉంది. నలభై ఒకటోసారి నేను చూడలేదు.

నాన్నకు సువార్తే చెప్పింది. నాన్న ఆ సాయంత్రం దుకాణంలో గల్లా ముందు కూర్చుని, నన్ను చూడకుండా అన్నాడు: "మనం సరుకు తినేటోళ్లం కాదు, పండించేటోళ్లం కాదు. నడుమల మాట చెప్పేటోళ్లం. మాట తప్పితే మనకు ఇంకేమున్నదిరా?" చెయ్యి చాపాడు. గది తాళంచెవి ఇచ్చేశాను. గోనె సంచుల గోడల మధ్యకి నిండు సంచులు వచ్చాయి.

ఎంకటి డప్పు ముట్టడం మానేశాడు. ఆ రెండు వారాల్లో ఊళ్లో అయిదుగురు పోయారు. అయిదుసార్లూ మనిషి వెళ్లి పిలిచాడు. అయిదుసార్లూ "ఇంట్ల ముసల్ది ఉన్నది, ఇడిసి రాలేను," అనే జవాబు. కుర్రవాళ్లు డీజే బండి పెట్టుకున్నారు. నేను రెండుసార్లు ఆ వాడ మొదటి దాకా పోయి వెనక్కి వచ్చాను. మూడోసారి పోలేదు.

మే మొదటి వారంలో, ఆఖరి సంచులు లారీ ఎక్కుతున్న రోజున, మధ్యాహ్నం భోజనం చేసి పడుకున్న నాయనమ్మ లేవలేదు.

నిజామాబాద్, మెండోర, డిచ్‌పల్లి నుంచి చుట్టాలు దిగారు. ఇల్లు నిండిపోయింది. "డప్పుకు ఎంకటినే పిలువాలె. ఆమె ఎప్పుడు గా మాటే అంటుండె," అంది మా మేనత్త. ఎవరో నన్ను పొమ్మన్నారు. నాన్న వద్దన్నాడు. తానే చెప్పులు వేసుకుని పోయాడు.

రాడనుకున్నాను. గంటకు నాన్న వెనకాలే వచ్చాడు. భుజాన డప్పు. తడి జుట్టు. గేటు దగ్గర మంట వేసి ఉంది కానీ డప్పు కాచడానికి కూర్చోలేదు. వాకిట్లో చుట్టాలందరి మధ్య నుంచి నేరుగా గడప దాకా వచ్చి ఆగాడు.

"మొకం సూపియ్యుండ్రి," అన్నాడు.

ఏడుపులు సన్నగిల్లాయి. మా చిన్నాన్న ముందుకొచ్చాడు. "ఏంది ఎంకటీ? దినకరన్న వచ్చి చెప్పిండు గదా."

"మొకం సూడంది కొట్ట," అన్నాడు ఎంకటి. గొంతులో కోపం లేదు. కొత్తగా నేర్చుకున్న పద్ధతి చెబుతున్నట్టు చెప్పాడు.

చిన్నాన్న ఇంకేదో అనబోయాడు. నాన్న చెయ్యెత్తి ఆపాడు. వంద మంది చుట్టాల ముందు నా వైపు తిరిగాడు.

"నువ్వే తియ్యి," అన్నాడు.

నేను నాయనమ్మ తల దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాను. ముఖం మీది తెల్లబట్ట అంచు పట్టుకున్నాను. బట్ట రెండుసార్లు జారింది. మూడోసారి తీశాను.

ఎంకటి గడప దాటి వచ్చి వంగాడు. చాలాసేపు చూశాడు. తన కళ్లతో చూసింది చాలలేదేమో, అరచేతి వెనకవైపు ఆమె నుదుటికి ఆనించి చూశాడు.

"ఆశమ్మ ఎట్లున్నది తాతా?" అన్నాను.

"వాపు తగ్గింది," అన్నాడు.

'ఎవలింట్ల తేలుతదో ఎరుక లేదు' అని ఆయన ఆనాడు అన్న మాట గుర్తొచ్చింది. ఆ తర్వాత ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూడలేకపోయాం. ఆయన లేచి బయటికి పోయి మంట దగ్గర కూర్చుని డప్పు కాచుకోసాగాడు. నేను తీసిన బట్టను మళ్లీ కప్పాలని తెలుసు. చుట్టాలందరూ చూస్తున్నారు. బయట మొదటి రెండు దెబ్బలూ పడ్డాయి. ఆ ఖాళీ వచ్చింది. బట్ట చేతిలోనే ఉండిపోయింది.